ఫ్రిజ్‌లో పెట్టిన పెండ్లి

చెడిపోయిన వస్తువును బాగుచేయబోయి ఇంకా చెడగొట్టినవాళ్లు మీకు చాలామందే తెలిసి ఉంటారు. నేను ఆ రకం కాదు. నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువు చెడిపోయిందని తేల్చేసి, దానికి వైద్యం చేసి, ఆ వైద్యంతో దాన్ని చంపినవాణ్ణి. చచ్చింది వట్టి వస్తువే అయితే ఇంత చెప్పుకోవడం దండగ. దాని కడుపులో మా అక్క కూతురి పెండ్లి ఉంది.

మాది తంబళ్లపల్లె వైపు గొర్రెల కాపరుల ఇల్లు. మా వంశంలో మొదట కంప్యూటర్ ముందు కూర్చున్నది నేనే. కుప్పంలో ఒక ఆఫీసులో ఆపరేటర్‌గా చేరినప్పటి నుంచి బంధువుల్లో నా పేరు కంప్యూటర్ రమణ అయిపోయింది. ఎవరి ఫోన్ ఆగిపోయినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా నాకే కబురు. నేను వెళ్లి గంభీరంగా ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసేవాణ్ణి. చాలావరకు పనిచేసేది. నా విద్య అంతా అదే. కానీ ఆ సంగతి నాకప్పటికి తెలియదు.

మా అక్క నాగమ్మ మదనపల్లెలో అంగన్‌వాడీ ఆయా. బావ పోయాక శెనక్కాయ చేలల్లో కూలికి పోయి, ఆ తర్వాత ఈ ఉద్యోగం సంపాదించి, ఒక్కగానొక్క కూతురు శిరీషను చదివించింది. శిరీషకు పుంగనూరు సంబంధం కుదిరింది. అబ్బాయి చంద్ర, నెమ్మదస్తుడు. మదనపల్లెలో పెండ్లి ఘనంగా జరిగింది. వీడియో తీసినాయన చివర్లో, "మిక్సింగ్ చేసి ఇచ్చేదానికి టైం పడతాదప్పా, వరసగా ముహూర్తాలుండాయి," అన్నాడు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. "మాకు ఇచ్చేయ్‌ప్పా, మిక్సింగ్ నేను చేసుకుంటా. మన పిల్ల పెండ్లి కదా," అన్నాను. ఆయన బతికిపోయినట్టు మొత్తం తన పెన్‌డ్రైవ్‌లో నా చేతికి ఇచ్చి, మరుసటి ముహూర్తం కోసం తన దగ్గరున్నది చెరిపేసుకున్నాడు. నేను కుప్పం వచ్చి, కంప్యూటర్‌లో అదనంగా పెట్టుకున్న పెద్ద హార్డ్ డిస్కులోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్ ఆయనకు తిరిగి పంపి, అక్కకు ఫోన్ చేసి, "నా దగ్గర ఉంటే బ్యాంకు లాకర్లో ఉన్నట్టేనక్కా," అన్నాను.

ఆ మాట అన్నాక నెలలు గడిచాయి. అక్క ఆ వీడియోను సినిమా అనేది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "రమణా, సినిమా యాడికొచ్చె?" అని అడిగేది. "వస్తాండాది అక్కా, పాటలు చేర్చల్ల," అనేవాణ్ణి. నిజానికి నేను పేర్లు వేయడం దగ్గరే ఆగిపోయాను. శిరీష అన్న అక్షరాలు గులాబీ పువ్వులోంచి పుట్టాలా, దీపంలోంచి పుట్టాలా అన్నది తేలలేదు.

ఒక ఆదివారం పొద్దున కంప్యూటర్ ఆన్ చేశాను. లోపలి నుంచి శబ్దం. టక్. కాసేపాగి, టక్‌టక్.

మా ఆవిడ పుష్ప వంటింట్లోంచి, "బల్లి అరస్తాండాది, ఏం తలుచుకున్నావో అది నిజమైతాదిలే," అంది.

నేను తలుచుకున్నది హార్డ్ డిస్కు పోతుందేమోనని.

ఇక్కడ హార్డ్ డిస్కుల శబ్దాల గురించి ఒక మాట చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో మదనపల్లె హాస్టల్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఆన్ చేస్తే శెనక్కాయలు కొట్టే మిషన్ తిరిగినట్టు పక్క గదికి వినపడేది. దాన్ని మేం తిట్టాం, తట్టాం, పరీక్షల కోపంలో ఒకడు తన్నాడు కూడా. మేమందరం పాసై వెళ్లిపోయాక కూడా అది గురగురమంటూ బతికే ఉంది. నా కొత్త డిస్కు అలా కాదు. పెద్దింటి కొత్త కోడలిలా ఉలుకూ పలుకూ లేదు. అందుకే అది నోరు విప్పేసరికి అదే దాని ఆఖరి మాట అనుకున్నాను.

వెంటనే కంప్యూటర్ ఆపేసి ఫోన్‌లో వెతికాను. టక్ అనడం డిస్కుకు మరణఘంట అని కొందరు, ఇంకొక్క క్షణం నడిపినా మొత్తం పోతుందని కొందరు. వాళ్ల మధ్యలో గడ్డమున్న ఒకాయన, మనకు రాని భాషలో, చాలా ధైర్యంగా ఒక వైద్యం చేసి చూపించాడు. డిస్కును కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో, మంచు గడ్డకట్టే అరలో పెట్టాలి. చలికి లోపలి ఇనుము ముడుచుకుని, ఇరుక్కున్న భాగం ఊడి వస్తుంది. ఆయన బయటికి తీసి బిగించగానే అది పనిచేసింది కూడా. భాష తెలియకపోయినా ఆయన నవ్వు అర్థమైంది.

నేను డిస్కును ఊడదీసి, చేతికందిన కవర్లో చుట్టి, వంటింట్లోకి నడిచాను.

"ఏందప్పా అది?" అంది పుష్ప.

"హార్డ్ డిస్కు."

"దాన్ని యాల ఫ్రిజ్జులో పెడతాండావు?"

"దానికి బాగలేదు."

"జరమొస్తే నుదుటిమింద తడిగుడ్డ వేస్తారు గాని, మంచులో పూడ్చరు కదా."

"నీకు తెలీదు, ఇది సైన్సు."

పుష్ప నా చేతిలోని కవరును వేలితో చూపించింది. "ఆ కవరు కరేపాకుది. బొక్క ఉండాది సూసుకో," అంది. సైన్సు ముందు కరివేపాకు బొక్క ఎంతలే అనుకున్నాను.

మధ్యాహ్నం వాన పడి కరెంటు పోయింది. సాయంత్రానికి గానీ రాలేదు. నేను తీసేసరికి మంచు కరిగి, కవర్లో నీళ్లు చేరి, డిస్కు తలస్నానం చేసిన పిల్లలా చుక్కలు రాలుస్తోంది. తుండుగుడ్డతో తుడిచాను. గడ్డమాయన ఆలస్యం చేయకూడదన్నట్టు చేతులూపడం గుర్తొచ్చి, వెంటనే బిగించి ఆన్ చేశాను.

డిస్కు సన్నగా ఒకసారి కీచుమంది. తర్వాత ఏమీ అనలేదు. కంప్యూటర్ తెరమీద దాని పేరే లేదు.

దాన్ని మళ్లీ ఊడదీసి బల్లమీద పెట్టాను. దానికి ఏ తీగా తగిలించకుండా కంప్యూటర్ ఒక్కదాన్నే ఆన్ చేశాను. ఇప్పుడు నేను చెప్పబోయేది దయచేసి నిదానంగా చదవండి. డిస్కు బల్లమీద ఉంది. చచ్చి ఉంది. కంప్యూటర్ లోపలి నుంచి శబ్దం వచ్చింది.

టక్. టక్‌టక్.

పుష్ప వచ్చి ఫోన్ లైటు వేసి లోపలికి చూసింది. "ఇదో, దసరాకు ఆయుధ పూజ చేసి సామంతిపూల దండ వేసినాం కదా. ఒక ఎండుపువ్వు దారంతో సహా లోపలికి పోయి ఫ్యానుకు చిక్కుకోనుండాది. రెక్క తిరిగినప్పుడంతా తగలతాండాది." వేలితో లాగేసింది. కంప్యూటర్ మూగదైపోయింది. నేనూ అయిపోయాను.

మరుసటి రోజు సెలవు పెట్టి డిస్కును మదనపల్లెలో ఒక రిపేరు షాపుకు తీసుకుపోయాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, అంగట్లో టెంకాయ ఎంచుకునేవాడిలా ఊపి చూశాడు. "ఏందప్పా, నీళ్లుండాయా లోపల?" అన్నాడు. ఉన్న సంగతి చెప్పాను. ఆయన నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. పెద్దవాడు, పాపం. బెంగుళూరులో ఆయనకు తెలిసినవాళ్లకు పంపి చూశాడు. వాళ్లూ చేతులెత్తేశారు. బంధువుల ఫోన్లలో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఎవరి ఫోన్లో చూసినా వాళ్ల వాళ్ల ముఖాలూ, విస్తట్లో లడ్లూ ఉన్నాయి.

ఇక అక్క దగ్గరికి పోక తప్పలేదు. గడప ఎక్కగానే ఆమె ముఖం విప్పారింది.

"సినిమా అయిపోయిందా రమణా?"

"అయిపోయిందక్కా."

"అట్లయితే సూపీ మరి."

"అట్ల అయిపోలేదక్కా."

చెప్పాను. పువ్వూ, ఫ్యానూ, గడ్డమాయనా, కరివేపాకు కవరూ, అన్నీ చెప్పాను.

"ఫ్రిజ్జులో పెట్టమని నీకు ఎవురు చెప్పినారు?"

"ఫోన్లో ఒకాయన."

"యా ఊరాయన?"

"తెలీదు."

"పేరు?"

"తెలీదక్కా."

"ఊరూ పేరూ తెలీనోడు చెప్తే నా బిడ్డ పెండ్లిని తీసకపోయి మంచులో పెడితివా."

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆమె నెమ్మదిగా అంది. తర్వాత తలుపు వైపు చూస్తూ, "తాళి కట్టేటప్పుడు నేను సూడలేదురా," అంది.

నాకు అర్థం కాలేదు.

"వంటోళ్లు నెయ్యి కావల్లంటే స్టోరు రూముకి పోయింటి. తాళం ఎంతకీ తెరుచుకోలేదు. గట్టిమేళం ఇనపడింది. పరిగెత్తుకోనొచ్చేసరికి అందరూ అక్షింతలు వేసేసినారు. పోనీలే, సినిమాలో సూస్తాం కదా అనుకుంటి."

అంతవరకు నన్ను నేను తిట్టుకున్నది ఒక ఎత్తు. ఆ మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఆదివారం ఆదివారం ఆమె ఎందుకు అడిగేదో అప్పుడు తెలిసింది. నేనేమో గులాబీ పువ్వా, దీపమా అని కూర్చున్నాను.

నేను కళ్లు తుడుచుకుంటుంటే అక్కే మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "ఏడవద్దు. మళ్లీ తీయి," అంది.

"ఏం తీసేదక్కా?"

"పెండ్లి. పిలకాయిలిద్దరూ ఉండారు. చీర పెట్టెలో ఉండాది. వచ్చే నెల పుంగనూరులో శిరీష సీమంతానికి అందరూ వస్తారు. కట్టమను తాళి, నేను ముందర కూసోని సూస్తా."

అవును, మీరు సరిగ్గానే చదివారు. శిరీషకు అప్పుడు ఏడో నెల.

పుంగనూరులో చంద్ర మేనత్త ఒప్పుకోలేదు. "కడుపుతో ఉండే పిల్లకు మళ్లా తాళి ఏందమ్మా, ఊరోళ్లు ఏమనుకుంటారు?" అంది. చంద్రే నెమ్మదిగా, "కొత్తది కాదులే అత్తా. నేను కట్టిందే, ముడి వదులైనట్టుండాది. బిగిస్తా, అంతే," అన్నాడు. మేనత్త నవ్వేసింది.

గాజులు తొడిగాక శిరీషకు పెండ్లి చీర కట్టారు. జాకెట్టు పట్టలేదు, పైన శాలువా కప్పారు. చంద్ర పెండ్లిపంచె వాళ్లమ్మ ఎక్కడ దాచిందో దొరకక, లుంగీలాంటిదేదో కట్టుకొచ్చాడు. మేళగాళ్లు లేరు, ఫోన్లో పెట్టాం. మధ్యలో ప్రకటన వచ్చింది. తాళి కట్టేటప్పుడు పెండ్లికూతురు తల వంచాలి కదా, కడుపు అడ్డమొచ్చి వంగలేకపోయింది. చంద్ర మునివేళ్లమీద లేచి ముడి బిగించాడు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. అక్క ఒక్కతే నవ్వలేదు. ముందువరసలో, నేలమీద, నోరు కొంచెం తెరుచుకుని చూస్తోంది. ముడి పడ్డాక గుప్పెడు అక్షింతలు వేసింది. చేతిలో అన్నీ అయిపోయాక కూడా చెయ్యి అలా చాపే ఉంచింది. నేను పెండ్లికొడుకునూ పెండ్లికూతురినీ వదిలేసి ఆ చేతినే తీస్తూ ఉండిపోయాను.

ఆ వీడియోకు పేర్లు లేవు, పాటలు లేవు. ఆ పూటే అందరి ఫోన్లకూ పంపేశాను.

ఇప్పుడు శిరీష కూతురు యూకేజీ చదువుతోంది. వరసకు నన్ను తాతా అంటుంది, నా జుట్టు చూసి కాదు. మొన్న పుంగనూరు వెళితే నన్ను టీవీ ముందు కూర్చోబెట్టి ఆ వీడియో వేసి చూపించింది.

"తాతా, మా క్లాసులో అందరూ వాళ్లమ్మ పెండ్లికి వాళ్లని యాల పిలవలేదని ఏడస్తారు," అంది. తర్వాత తెరమీద శాలువా కింద ఎత్తుగా ఉన్నచోట వేలు పెట్టి, "నేనొక్కదాన్నే పోయింటి. సూడు, అమ్మకంటే ముందర నేనే ఉండా," అంది.

కాబట్టి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ యంత్రం టక్కుమన్నా ముందు మూత తీసి చూస్తాను, తర్వాతే భయపడతాను. ఊరూ పేరూ తెలియని వైద్యుడి మాట వినను, ఆయన ఎంత బాగా నవ్వినా సరే. అన్నిటికీ మించి, ఈ జన్మలో మరొకరి పెండ్లిని ఫ్రిజ్‌లో పెట్టను. పెట్టాల్సి వస్తే కవరుకు బొక్క ఉందేమో చూసుకుంటాను.