ప్లగ్గులకు పెట్టిన పసుపు

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ ముక్క చెప్పేయకుండా మిగతాది రాయలేను. మా ఇంట్లో కాలేజీలో అడుగుపెట్టిన మొదటి మనిషిని నేనే. బీఎస్సీ, ఒక్క పేపరూ పోలేదు. ఫోన్‌లో ఫలితం చూసి ఆర్మూర్‌లో మా గల్లీ మొత్తం వినేలా కేక పెట్టాను. కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. పాలు తెచ్చే ఆమెకు రెండుసార్లు చెప్పాను.

ఆ మర్నాడు పొద్దున్నే మా బాపు మీద వచ్చిన కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

బాపుకు ఒక పాత పెట్రోల్ పికప్ ఉంది. ఇంజన్ సీటు కిందే ఉంటుంది, సీటెత్తితే కనిపిస్తుంది. పసుపు సీజన్‌లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్తాలు మార్కెట్ యార్డుకు చేరవేస్తాడు. ఆరోజు బండిలో ఉన్నది బాల్కొండ వైపు పటేల్ పసుపు. అది వేలం మొదలుకాకముందే నిజామాబాద్ యార్డులో దిగాలి. లేదంటే మిగతా పంటంతా వేరే బండికి ఇస్తానని పటేల్ ముందే చెప్పాడు. బాపుకు సీజన్ మొత్తం పని ఇచ్చే రైతు ఆయన ఒక్కడే.

ఇంజన్‌లో మంట రాజేసే ప్లగ్గులు ఎప్పుడూ మెకానిక్ దగ్గరే మార్పిస్తాం, అవి ఈసారి బాపు తానే మార్చడానికి కూర్చున్నాడు. మా ఇంట్లో టైరు గానీ బ్యాటరీ గానీ, కొత్త సామాను ఏదైనా పసుపు, కుంకుమ పెట్టకుండా బండికి ఎక్కదు. నాలుగు ప్లగ్గులు పళ్లెంలో పెట్టి నన్ను పిలిచాడు.

"బిడ్డా, పాసైనవ్ గదా. బొట్టు నువ్వే పెట్టు. నిండుగ పెట్టాలె."

పెట్టాను. తడి పసుపు, దాని మీద కుంకుమ, ప్లగ్గుల తెల్లటి పింగాణీ మీద బాగా కనిపించేలా. ఇన్నేళ్లు ఫిజిక్స్ చదివినదాన్ని, కరెంటు పోయే దారిలో తడి పెడుతున్నానని ఒక్క క్షణం కూడా తట్టలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

బిగించేటప్పుడు పానా నేను పట్టుకోబోతే లాక్కున్నాడు. ఇంటర్ సెలవుల్లో ఆ బండి కింద పడుకుని పనిచేసిందాన్ని నేను. డిగ్రీలో చేరిన రోజు నుంచి ముట్టుకోనివ్వడం లేదు. "గిప్పుడు గా చేతులకు గ్రీసు అంటొద్దు" అంటాడు. చేతులు ఎవరివి మరి?

పటేల్‌ను, నన్ను ఎక్కించుకుని బాపు యార్డుకు బయల్దేరాడు. ఊరు దాటకముందే బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో మంట అందనట్టు ఎగిరెగిరి పడుతోంది. మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్న పటేల్ డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

"ఏమయ్యా, గిది బండా, గుర్రమా? నా నడుం పోయింది."

"కొత్త ప్లగ్గులు పటేలా. జర సర్దుకుంటది."

సర్దుకోలేదు. మాక్లూర్ రోడ్డెక్కగానే ఆగిపోయింది. పటేల్ దిగి నావైపు చూశాడు.

"డిగ్రీ పాసైనవంట గదా పిల్లా, ఓ చెయ్యి వేసి నూకు."

"గామె నూకది పటేలా" అన్నాడు బాపు వెంటనే. బస్తాల బండిని తానొక్కడే భుజం పెట్టి తోస్తున్నాడు. దాంతో నాకు మరింత మండింది.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నాడు. పటేల్ రోడ్డు అవతల చాయ్ హోటల్లో మావైపు వీపు పెట్టి కూర్చుని, మాకు వినపడేలా ఫోన్‌లో ఇంకెవరినో అడుగుతున్నాడు: "నీ బండి ఖాళీగుందారా? బస్తాలు మార్సుకుందువు రా."

నేను సీటెత్తాను. బాపును స్టార్ట్ చేయమన్నాను. నత్తినత్తిగా స్టార్టయింది. గుడ్డ చుట్టుకుని ప్లగ్గుల మీది వైర్ల క్యాపులు ఒక్కోటీ పీకి మళ్లీ పెట్టాను. రెండింటిని పీకినా ఇంజన్ చప్పుడులో తేడా లేదు. అంటే ఆ రెండూ పనిచేయడం లేదు. ఆపించి ఒకటి బాపుతోనే విప్పించి చూస్తే తడి పసుపు మీద సన్నటి నల్లగీత. కరెంటు లోపలికి పోకుండా ఆ గీత వెంట బయటికే పోతోంది.

"బాపూ, బొట్టు తుడవాలె."

"తుడవద్దు."

"బండి దాంతోనే ఆగింది!"

"నువ్వు పాసైనవని పెట్టిన బొట్టు అది. నేను తుడవనియ్య. కాయిల్ పోయి ఉంటది."

"కాయిల్ కాదు, నేను పెట్టిన పసుపే! పటేల్ బస్తాలు దించుకపోతే బొట్టును ఏం జేస్కుంటవ్?"

"నడిరోడ్డు మీద అరవకు. నలుగురు జూస్తే ఏమంటరు? సదివిచ్చింది గిందుకేనా అంటరు."

ఆ మాటతో ఇంకేం వినలేదు. పానా ఆయన చేతిలోంచి గుంజుకున్నాను. వేడి ఇంజన్ తగిలి వేలు కాలింది. నాలుగు ప్లగ్గులూ విప్పి పింగాణీ, క్యాపుల లోపలి భాగం చున్నీతో పొడిగా తుడిచి, గట్టిగా రుద్ది మళ్లీ బిగించాను. బాపు నావైపు చూడకుండా రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ నిలబడ్డాడు.

తాళం తిప్పగానే నాలుగూ ఒక్కసారే అందుకున్నాయి. ఆ చప్పుడుకు పటేల్ చాయ్ సగంలో వదిలేసి వచ్చాడు.

"ఏమైంది? ఎవరు చేసిండ్రు?"

"మెకానిక్ వచ్చి పోయిండు పటేలా" అన్నాడు బాపు.

నా చున్నీకి మసి. వేలు బొబ్బ. పక్కనే ఉన్నాను. దారంతా కిటికీలోంచి బయటికే చూశాను. గేరు మార్చేటప్పుడల్లా బాపు మోచెయ్యి పటేల్‌కు తగులుతోంది, ఆయన నవ్వుతున్నాడు. "మంచిగ పోతుందయ్యా. మిగతాది కూడా నీ బండిలనే తోల్త."

వేలానికి ముందే యార్డులో బస్తాలు దిగాయి. హమాలీలందరికీ బాపు నన్ను చూపించి చెప్పాడు: "నా బిడ్డ. డిగ్రీ పాసైంది." అందరూ నవ్వుతూ నావైపు చూశారు. సంతోషం పొంగింది, అబద్ధమెందుకు. ఇంతలో పటేల్ ఫోన్ తీశాడు.

"గా మెకానిక్ నంబర్ చెప్పయ్యా. నా చేన్ల మందు కొట్టే ఇంజన్ పంపు గిట్లనే మిస్సింగ్ కొడ్తుంది."

బాపు జేబులు తడుముకున్నాడు. నేను నా నంబర్ చెప్పాను, ఒక్కో అంకె గట్టిగా, హమాలీలకూ వినపడేలా. పటేల్ నొక్కాడు. మోగింది నా చేతిలో.

"మధ్యాహ్నం వస్త పటేలా. పంపు విప్పకుండ ఉంచుండ్రి" అన్నాను.

బాపు నన్ను ఆపలేదు. మెచ్చుకోనూ లేదు. పానా నా దగ్గరే పెట్టుకుని ఇంటికొచ్చాను.