కాంటా గదిలో ఎఫ్6

రాష్ట్రం విడిపోవడానికి కొన్నేళ్ల ముందు నేను కోదాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఆఫీసంటే మా సారు, నేను, అంతే. రైసు మిల్లులకు కాంటా ప్రోగ్రాములు రాసేవాళ్లం. వడ్ల ట్రాక్టరు వేబ్రిడ్జి ఎక్కగానే బరువు నమోదు చేసి చీటీ ఇవ్వడం దాని పని. ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో నేను తెలుగులో రాసిస్తే, మిల్లువాళ్లు ఆ కాగితాన్ని గోడకు అంటించుకునేవారు. సారు ప్రోగ్రాము మార్చినప్పుడల్లా కాగితమూ మారాలి. ఆయన మార్చిన సంగతి నాకు చెప్తే కదా.

ఆ రోజు మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లులో ప్రింటరు చెడిపోయిందంటే వెళ్లాను. కోతల కాలం. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి బారుగా నిలబడ్డాయి. మబ్బు పట్టింది. ముందురోజు నుంచి టోకెన్లు పట్టుకుని కాచుకున్న రైతుల కళ్లు ఎర్రబారి ఉన్నాయి. పొద్దున్నే సారు వచ్చి కొత్త ప్రోగ్రాము ఎక్కించి వెళ్లాడని నాకు తెలియదు.

కాంటా గదిలో ప్రింటరు బాగుచేసి నేను పక్కకు జరిగాను. కాంటా ఆపరేటరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. బరువు చూశాడు, గోడ మీది కాగితం చూశాడు, ఎఫ్6 నొక్కాడు. పాత ప్రోగ్రాములో ఎఫ్6 అంటే చీటీ ముద్రణ. కొత్తదానిలో టోకెన్లన్నీ చెరిపేసే మీట. తెర ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆయన అలవాటుగా ఎంటర్ కొట్టాడు. తెర మీద టోకెన్ల వరుస మొత్తం ఖాళీ అయిపోయింది.

కిటికీ దగ్గరున్న రైతు లోపలికి తొంగి చూశాడు. "నా నంబరేది?"

"పోయినయన్నా. అన్ని పోయినయ్."

"ఎవలి కోసం తీసేసినవ్? ఎనకొచ్చినోన్ని ముందు తోలెతందుకా?"

"నేనేం తియ్యలే. కాయితంల ఉన్నట్టే నొక్కిన."

ఆ మాట పూర్తి కాకముందే కిటికీ అద్దం పగిలింది. తలుపు ఊడి లోపలికి పడింది. ఆ రైతు చేతిలో ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే ఇనప పిన్ను ఉంది. కీబోర్డు మీదున్న ఆపరేటరు కుడిచేతిని దానితో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. వెనకొచ్చినవాళ్లు మానిటరును ఎత్తి నేలకు కొట్టారు. గాజుపెంకు నా కనుబొమను కోసింది. ఆపరేటరు కిందపడి ముడుచుకుంటే వీపు మీద, మెడ మీద తన్నారు. ఎవరో నా జడ పట్టి ఈడ్చారు. ఆ చెయ్యి కొరికాను. నోట్లోకి రక్తం వచ్చింది. నాదో అతనిదో తెలియలేదు.

వాన మొదలైంది. ఒక్కసారిగా అందరూ వడ్ల మీద పట్టాలు కప్పడానికి బయటికి పరుగెత్తారు. పిన్ను పట్టుకున్న రైతు కూడా పరుగెత్తాడు. దాన్ని ఆపరేటరు పక్కనే పడేసి పోయాడు.

మిర్యాలగూడ దవాఖానలో ఆపరేటరు చేతికి కట్టు కట్టారు. రెండు వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పాడు. నా కనుబొమకు కుట్లు పడ్డాయి. మర్నాడు ఆఫీసుకు వెళ్తే సారు అన్నాడు, "కొత్త కాగితం ప్రింటు తీసి పంపేద్దాం. సరిపోతుంది."

"మళ్లీ మారుస్తరు గద సార్. అప్పుడు ఎవల చెయ్యి ఇరగాలె?"

కొన్ని వారాలు కూర్చుని నేనొక చిన్న ప్రోగ్రాము రాశాను. ప్రతి మీట కోడు మీద, అది ఏం చేస్తుందో ఒక వాక్యం ఉండాలి. కొత్త ప్రోగ్రాము తయారైన ప్రతిసారీ ఆ వాక్యాలన్నీ పోగై కాగితం దానంతటదే తయారవుతుంది. కోడు మారి వాక్యం మారకపోతే అసలు ప్రోగ్రామే తయారు కాదు.

సారుకు అది నచ్చలేదు. పని ఆగిపోయినప్పుడల్లా బల్ల గుద్దేవాడు. ఒకసారి కొత్తగా తయారైన కాగితం చూస్తే ఎఫ్9 ఎదురుగా ఒక చుక్క మాత్రమే ఉంది. వాక్యం బదులు చుక్క పెట్టి దాటించాడు.

"ఇదేంది సార్?"

"ఎవరు చదువుతారమ్మా ఇవన్నీ?"

కీబోర్డు ఎత్తి ఆయన భుజం మీద కొట్టాను. మీటలు ఊడి గదంతా చెదిరాయి. ఆయన లేచి నా చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాను, ఈసారి ముఖం మీద. ముక్కు నుంచి రక్తం కారుతుంటే కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఇంకో కీబోర్డు తగిలించుకుని, ఎఫ్9 కోడు మీద వాక్యం టైపు చేశాడు. నేను సంచి తీసుకుని వచ్చేశాను. మళ్లీ ఆ ఆఫీసుకు పోలేదు.

ఆపరేటరు మాత్రం తర్వాతి పంటకు అదే గదిలోకి వచ్చాడు. ఎడమచేత్తో నేర్చుకున్నాడు. ఇప్పుడు కాగితం ఎప్పటికప్పుడు సరిగానే ఉంటోందని మిల్లువాళ్లే చెప్పారు. అయినా ఆయన నాకు ఫోన్ చేసేవాడు.

"మేడం, ఇయ్యాల్టి టోకెన్లు ఒడిసినయ్. తీసెయ్యాలంటే ఎఫ్6 నొక్కాల్నా?"

"కాయితంల రాసుంది గదన్నా."

"ఉంది మేడం. మీరొక్కసారి నోటితో చెప్పుండ్రి."

ఆ ప్రోగ్రాము నా దగ్గర లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి కాగితం మీదున్న వాక్యాన్ని ఆయనతోనే చదివించుకుని, అదే మాట తిరిగి చెప్పేదాన్ని. అప్పుడు నొక్కేవాడు.