దప్పికోళ్ల జట్టు

2023 వేసవి. ఆలూరు చుట్టుపక్కల పల్లెల రోగులు వచ్చే ఒక ఆసుపత్రిలో, డయాలిసిస్ వార్డులో నర్సుగా ఉన్నాను. మూత్రపిండాలు పనిచేయనివాళ్లకు తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది. దాన్ని మిషన్ తీయాలి. అందుకే రాగానే బరువు చూస్తాం. బరువు బాగా పెరిగిందంటే నీళ్లు తాగినట్టే.

మద్దిలేటి అనే రైతు ప్రతిసారీ ముఖం ఉబ్బి, ఆయాసపడుతూ వచ్చేవాడు. "ఇంకోసారి ఇట్లా వస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, మేం కాపాడలేం" అని డాక్టరు తేల్చి చెప్పారు. ఆయన తలూపాడు. అట్లాంటి తలూపుళ్లు నేను చాలా చూశాను, నమ్మలేదు.

మే నెల ఎండల్లో ఉన్నట్టుండి ఆయన బరువు పెరగడం ఆగింది. సంతోషం కాదు, నాకు అనుమానం వచ్చింది. త్రాసు మీద నేనెక్కి చూశాను, బాగానే ఉంది. గోడకు చెయ్యి ఆనిస్తున్నాడేమోనని దాన్ని గది మధ్యకు జరిపించాను. నాటుమందు మింగుతున్నాడేమోనని సంచీ వెతికాను. ఏమీ దొరకలేదు. పైగా పక్క మంచంలో ఉండే టైలరు ఖైరున్‌బీతో ఒకటే గుసగుసలు. నేను దగ్గరికి పోతే ఇద్దరూ గప్‌చుప్. తప్పుడు బరువు నమ్మి మిషన్ పెడితే పోయేది ఆయన ప్రాణమే కదా!

ఒకరోజు ఖైరున్‌బీ పెళ్లికి పోయి, తన వంతు మరునాటికి మార్చుకుంది. మిషన్ నడుస్తుండగా మద్దిలేటి ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమని నన్నే అడిగాడు.

"మద్దన్నా, ఈడ అందరూ షర్బత్ తాగతాండారు. నా వల్ల కావడంల్యా."

"ఉండు చెల్లెమ్మా. సిస్టరమ్మా, రోన్ని నీళ్లియ్యి."

దొరికాడనుకుని గ్లాసు అందించాను. ఆయన ఒక గుక్క పోసుకుని, పుక్కిలించి, బేసిన్‌లో ఉమ్మేశాడు. ఫోన్‌లో ఖైరున్‌బీ కూడా పుక్కిలించి ఉమ్మింది.

"ఇనపడిందా అన్నా?"

"సరిగ్గా ఇనపల్యా. మింగినావేమో. మల్లా ఉమ్ము."

రెండోసారి చప్పుడు గట్టిగా వినిపించాక గానీ ఆయన వదల్లేదు.

"ఏంటిది?" అన్నాను.

"ఇంట్లో అందరూ తాగొద్దనేవాళ్లే సిస్టరమ్మా. చెంబెడు తాగి మూతి తుడుచుకుంటా చెప్తారు. నువ్వూ అంతే. ఈయమ్మ నోరెండి చెప్తాది. మేం దప్పికోళ్లం. ఒకరు తాగితే ఇంకొకరిని మోసం చేసినట్టే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ వేసవి మద్దిలేటి గట్టెక్కాడు. కష్టంలో ఉన్నవాడికి మంచి చెప్పేవాళ్ల కంటే తనవాళ్లు ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు కొత్తవాళ్లెవరొచ్చినా పథ్యం చెప్పి ఊరుకోను, మద్దిలేటితో మాట్లాడిస్తాను. నన్నూ జట్టులో చేర్చుకోమని ఒకసారి అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు తాగేదానివి సిస్టరమ్మా" అన్నాడు మద్దిలేటి. "నిన్నెట్లా నమ్మేది?"