ఒక్క చోటే ఉండాల్సిన నియమం

లిఫ్టులు తయారుచేసే ఆ ఆఫీసులో ఆవిడను అందరూ ముక్కలక్క అంటారు. లిఫ్టును నడిపే సాఫ్ట్‌వేర్ ఎప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో లెక్కల సూత్రాల్లా రాసిపెట్టడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్లుగా ఆ నియమాలను తలుపుకొక భాగం, మోటారుకొక భాగం, బరువుకొక భాగంగా విడగొట్టి, మళ్లీ ఒకదానికొకటి అతికేలా కూరుస్తోంది. ఒక నియమం ఒక్క చోటే ఉండాలని ఆవిడ పట్టుదల. కావలసినవాళ్లు దాని పేరు చెప్పి వాడుకోవాలి తప్ప, ఉన్నదున్నట్టు ఎత్తిరాసి తమ భాగంలో అతికించుకోకూడదు. ఇంట్లోనూ అంతే. కత్తెర ఒక్కటే, దాన్ని తగిలించే మేకూ ఒక్కటే. "దారం తెంపాలన్నా నీ పర్మిషన్ కావాలి," అని మొగుడు ఏడిపిస్తాడు.

ఎత్తి అతికించేవాళ్లంటే ఆవిడకు పరమ అసహ్యం. ఒకరి ఎంగిలి కంచంలో చెయ్యి పెట్టినంత చీదర.

ఆ వారం కొత్త లిఫ్టును పరీక్షిస్తుంటే, తలుపు సందులో చీపురుకర్ర ఇరుక్కుని ఉండగానే అది కదిలింది. కర్ర పుటుక్కున విరిగింది. సోమవారం ఆ లిఫ్టు ఆసుపత్రికి వెళ్లాలి. అందుకు ఆవిడ సంతకం కావాలి.

వెతికితే కారణం దొరికింది. గొళ్లెం పడ్డాకే కదలాలని తలుపు భాగంలో నాలుగేళ్ల కిందటే ఆవిడ మార్చింది. తలుపు రెక్కలు దగ్గరపడితే చాలు, కదలొచ్చనే పాత నియమం మాత్రం మోటారు భాగంలో ఎవరో అతికించింది అతికించినట్టే ఉంది.

"ఛీ! ఏ దరిద్రుడి పనో ఇది," అంది మీటింగులో అందరి ముందూ.

"ఆ ఒక్క లైను సరిచేసి సంతకం పెట్టెయ్యండక్కా," అన్నాడు మేనేజరు.

"అతికించినవాడు ఒక్కచోటే ఆపుతాడా? ముందు వాడెవడో తేలాలి."

పాత మార్పుల చిట్టా పెద్ద తెర మీద తెరిచింది. ఎనిమిదేళ్ల కిందటి తేదీ. ఆవిడ పేరు. పక్కనే ఆవిడే రాసుకున్న మాట: 'తాత్కాలికం. రేపు తీసేస్తాను.'

ఎవరి తప్పు ఎవరు ఎత్తిచూపినా గురివింద గింజ సామెత అందుకునేది ఆవిడే. ఇప్పుడు దాన్ని ఎవరూ ఎత్తలేదు.

"మీరు చేశారంటే ఏదో కారణం ఉండే ఉంటుంది," అన్నాడు మేనేజరు మెత్తగా. ఆ మెత్తదనానికి ఆవిడకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఏ కారణమూ లేదు. ఆ రోజు తొందరగా ఇంటికెళ్లాలనుకున్నాను. సంతకం పెట్టను. లిఫ్టు వెళ్లదు."

తన పేరు, 'తాత్కాలికం' అన్న మాట కలిపి వెతికింది. ముప్ఫై ఒక్క చోట్ల ఉంది.