గీత నిలిచే రాయి కోసం పులివెందుల దాకా

ప్రొద్దుటూరు బస్టాండులో ఉదయం ఆరున్నరకు ఎర్రగుంట్ల బస్సెక్కాం, నేనూ నా స్నేహితుడు వీరబ్రహ్మమూ. మా సంచిలో నీళ్ల సీసాలు, ఉప్పుకాగితం, సుత్తి, చిన్న గాజుబుడ్డిలో యాసిడ్, ఒక బంగారు సూది ఉన్నాయి. కండక్టరు సుత్తి పిడిని చూసి, "యాడికప్పా, ఏమన్నా గొడవకా?" అన్నాడు. "లేదన్నా, రాయికి" అన్నాను. టికెట్లిచ్చి దూరంగా పోయాడు.

ప్రయాణానికి కారణం చెప్పాలి. వీరబ్రహ్మం మా ఊళ్లో ఒక పెద్దాచారి దగ్గర నగల పని నేర్చుకున్నాడు. ఆ పెద్దాయనకొక పట్టింపు ఉంది. తన పక్కన కూర్చుని బంగారం నాణ్యం చూడాలంటే, శిష్యుడు గీటురాయిని స్వయంగా వెతికి తెచ్చుకోవాలి. అంగట్లో కొన్నది చెల్లదు. ఆ రాయి మీద బంగారంతో మొదటి గీత ఆయనే గీస్తారు. గీత తెగకుండా పడి, యాసిడ్ చుక్కకు కూడా నిలిస్తే శిష్యుడికి చోటు దొరికినట్టు. వీరబ్రహ్మం ఇదివరకు తెచ్చిన రెండు రాళ్లూ తిరిగొచ్చాయి. ఒకదానితో వాళ్లమ్మ వెల్లుల్లి దంచుతోంది, రెండోది తలుపుకు అడ్డం. సోమవారం లోపల మూడోది రాకపోతే ఆ చోటు ఆచారి గారి మేనల్లుడిది. మిషన్లు వచ్చిన కాలంలో ఇదేం పరీక్ష అని ఒకసారి అన్నందుకు వీడు నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం చాలా ప్రశాంతంగా గడిచింది.

"మార్పు లేని రాయి కావాలన్యాడు మామా మా గురువు" అన్నాడు బస్సులో. "నిప్పులో పుట్టింది పుట్టినట్టే ఉండల్లంట." పులివెందుల వైపు కనబడే నల్లరాయి ఒకప్పుడు భూమిలోంచి పొంగిన లావా అని వీడు ఎవరి దగ్గరో విన్నాడు.

ఎర్రగుంట్లలో సిమెంటు లారీలను చూస్తూ ఇడ్లీ తిన్నాం. చట్నీ చిక్కదనం ఎలా వచ్చిందో అడగదలచుకోలేదు. ఎనిమిదింటికి వేంపల్లె బస్సు దొరికింది. పక్క సీటులో ఒక పెద్దావిడ, ఒళ్లో బైబిలు, కాళ్ల దగ్గర టిఫిన్ క్యారియరు. పేరు సుశీలమ్మ, జమ్మలమడుగు వాసి. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారట. మా కథ విని నవ్వారు.

"మా చెల్లెలోళ్ల చీనీతోట వెనక వంకలో నల్లరాయి కావాల్సినంత ఉంది నాయనా. నేనూ ఆడికే పోతాండా. ఎంత ఏరుకుంటే మా మరిది అంత సంతోషిస్తాడు."

వేంపల్లెలో షేర్ ఆటో ఎక్కాం. నేను ఎక్కాను అనడం కంటే నాలో సగం ఎక్కింది అనడం నిజం. పదింటికి తోట చేరాం.

వంకలో నీళ్లు లేవు. రెండు గట్ల మధ్య నల్లబండలు గేదెల మందలా పడుకుని ఉన్నాయి. చీనీ పూత, అదే బత్తాయి పూత వాసన గాలిలో తేలుతూ వస్తోంది. కాసేపు నిలబడితే మనమూ పడుకోవాలనిపించే చోటు. సుశీలమ్మ మేడం గొడుగు వేసుకుని బండ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు.

"ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగు. లావా పారింది, పైన గడ్డకట్టింది. లోపలి వేడి మాత్రం పోలా. పగుళ్లలో దిగిన నీళ్లు కాగి మళ్లీ పైకి లేసినాయి. అట్లా లెక్కలేనన్ని ఏండ్లు తిరిగినాయి. ఊరికే తిరగవు కదా. ఈడ ఇంత కరిగించుకుంటాయి, ఆడ ఇంత వదిలేస్తాయి."

కళ్లు మూసుకున్నాను. కాళ్ల కింద రాతిలో వేడినీళ్లు సన్నగా హోరుమంటున్నట్టు వినబడింది. ఎప్పటిదో సముద్రం ఇంకా నిద్రలో ఊపిరి తీస్తోంది అనుకున్నాను. కళ్లు తెరిస్తే అది మేడం మరిది బోరు మోటారు.

వీరబ్రహ్మం పని మొదలుపెట్టాడు. వంక మధ్యలో ఉన్న బండ నుంచి నల్లటి ముక్క కొట్టి, తడిపి, ఉప్పుకాగితంతో రుద్ది, సూదితో గీశాడు. రాతిలో పలుకులు పెద్దవి. గీత చుక్కలుచుక్కలుగా పడింది. "ఇది పెద్దగా మారని రాయి" అన్నారు మేడం. వాడి ముఖం చిన్నదైంది.

కాస్త ఎగువన ఇంకొకటి దొరికింది. చేతికి నున్నగా ఉంది, తడిపితే ఆకుపచ్చ నీడ. గీస్తే రాయే పొడిగా రాలి వేలికి అంటుకుంది. "నల్ల ఖనిజాన్ని వేడినీళ్లు క్లోరైటుగా మార్చినాయి. అది పచ్చగా ఉంటాది, మెత్తగా ఉంటాది." మూడో రాయిలో తెల్లటి చుక్కలు. యాసిడ్ వేయగానే బుసబుసమని నురగ. "లావాలో బుడగలుండిన చోట సున్నపు ఖనిజం నిండింది" అన్నారామె. "సోడా బండి పెట్టుకోరా, గిరాకీ ఉంటుంది" అన్నాను నేను. వాడు నవ్వలేదు.

ఎండ నెత్తికెక్కింది. వీరబ్రహ్మం చతికిలబడ్డాడు. "మారినవి పనికిరావు, మారనిదీ పనికిరాలా. మేనల్లునికి రాసిపెట్టినట్టుంది మామా." నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది, కానీ వాడి గొంతు విని మింగేశాను.

మేడం గొడుగు కొనతో గట్టు అంచున ఉన్న సన్నటి నల్ల చార చూపించారు. "దాన్ని చూడలేదేంది?"

"చూసినా మేడం. అదీ మారిందే కదా?"

"శానా మారింది. నీళ్లలో కరిగిన సిలికా, అదే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, ఆడ దిగి రాయంతా ఇంకింది. మీ గురువు రాయి మీద ఏం చేస్తాడు?"

"గీత గీస్తాడు."

"మరి గీసి చూడు. దాని జాతకం నీకెందుకు?"

కొడితే సుత్తే ఎగిరింది. రాలిన పెచ్చును చాలాసేపు రుద్దాడు. సూదితో గీశాడు. వెంట్రుకంత గీత, ఎక్కడా తెగలేదు. యాసిడ్ చుక్క వేశాడు. ముగ్గురం వంగి చూశాం. చుక్క తుడిస్తే గీత అలాగే మెరుస్తోంది. వాడు కేక వేస్తాడనుకున్నాను. గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, అంతే.

అయితే మొదటి గీత గురువుదే కావాలి కాబట్టి అదే చారలోంచి ఇంకో ముక్క, అరచేతి వెడల్పుది, కొట్టి గీయకుండా మూట కట్టాడు. మేడం చెల్లెలు సంగటి, అందులోకి చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఆ కారానికి లావా చరిత్ర నాకు పూర్తిగా అర్థమైంది.

మేడం అక్కడే ఆగిపోయారు. మూడున్నరకు పులివెందుల చేరేసరికి ప్రొద్దుటూరు బస్సు వెళ్లిపోయింది. జమ్మలమడుగు బస్సెక్కాం. వీరబ్రహ్మం కిటికీ పక్కన కూర్చుని ముక్కను తడిపి తడిపి రుద్దుతూనే ఉన్నాడు. "బస్సులో బండ పాలిష్ పట్టేదేందప్పా?" అన్నాడు కండక్టరు. ముద్దనూరు దాటాక వీరబ్రహ్మం మెల్లగా అడిగాడు: "ఆ పెచ్చు మాదిరే ఇదీ ఉంటాదంటావా మామా?" తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

సాయంత్రపు వెలుగులో అరటితోటలు, ఎర్రనేల, దూరంగా గుట్టలు వెనక్కి పోతున్నాయి. ఈ దారిన వెళ్లేవాళ్లకు చూడడానికి పెద్దగా ఏమీ లేదనిపిస్తుంది. నాకూ పొద్దున అలాగే అనిపించింది. ఇప్పుడు ప్రతి గుట్టా లోపల ఏదో ఒకటి మరోటిగా మారుతున్నట్టు, తొందర లేకుండా, ఎవరికీ చెప్పకుండా మారుతున్నట్టు కనబడింది. వెళ్లేవాళ్లు టోపీ తీసుకెళ్లండి. నేను మరిచాను, నా ముక్కు రంగు కూడా మారింది.

జమ్మలమడుగులో బస్సు మారి ఏడింటికి ప్రొద్దుటూరులో దిగి, నేరుగా ఆచారి గారి దగ్గరకు నడిచాం. ఆయన రాయిని దీపం కింద తిప్పి చూశారు. వేలి ఉంగరం తీసి ఒక్క గీత గీశారు. యాసిడ్ చుక్క వేసి, ఆగి, తుడిచి, మళ్లీ చూశారు.

"యాడిదిది?"

"పులివెందుల తట్టు, వంక గట్టున."

"మారని రాయేనా?"

వీరబ్రహ్మం నా వైపు చూడలేదు. "లేదు గురువా. శానా మారిన రాయి."

ఆచారి గారు ఉంగరాన్ని మళ్లీ వేలికి పెట్టుకున్నారు. తన పీటను ఎడమవైపుకు కొంచెం జరుపుకున్నారు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.