వెనక సీటు లేని బండి

పోయిన ఆదివారం చర్చి అయ్యాక అక్కని కారెక్కించుకుని అరోరాలో మా ఇంటికి వస్తుంటే, సిగ్నల్ దగ్గర మా ముందు ఒక పికప్ ట్రక్కు ఆగింది. దాని వెనక ట్రెయిలర్ మీద, ఈ మధ్య వేటగాళ్ళూ పొలాలున్నవాళ్ళూ అడవి దారుల్లో తిప్పుకుంటున్న పొట్టి జీపులాంటి బండి ఒకటి కట్టేసి ఉంది. పైన కప్పు, చేతికి స్టీరింగు, వెనక సామాను వేసుకోవడానికి తొట్టి, వీటన్నిటితో పాటు పక్కపక్కనే రెండు సీట్లు. అక్కకి ఎనభై దాటాయి, మామూలుగా కారెక్కితే కళ్ళు మూసుకుంటుంది. ఆ రోజు మాత్రం కళ్ళజోడు సరిచేసుకుని, ఆ ట్రక్కు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా దాన్నే చూసింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఒక్క మాట అంది. బావ సంగతి చెప్పకుండా ఆ మాట చెబితే మీకు అర్థం కాదు కాబట్టి ముందు అదే చెబుతాను.

నేను ఈ దేశానికి వచ్చింది డెబ్భైల చివర. పార్సిప్పనీలో అపార్ట్‌మెంటు, పంపులు తయారుచేసే కంపెనీలో మెకానికల్ ఇంజనీరు ఉద్యోగం, వారాంతం వస్తే ఏం చెయ్యాలో తోచని బ్రహ్మచారి బతుకు. అక్కా బావా అంతకు చాలా ముందే వచ్చి, పెన్సిల్వేనియా కొండల్లో, బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న ఒక చిన్న ఊళ్ళో స్థిరపడ్డారు. బావ అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. వాళ్ళకి పిల్లలు లేరు, నాకు వాళ్ళు తప్ప ఇక్కడ ఎవరూ లేరు, అందుకని శుక్రవారం ఆఫీసు అవగానే కారు కొండలవైపు తిప్పేవాణ్ణి. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, ఎక్కడైనా కందిపప్పు దొరికిందంటే ఊరూరికీ ఫోన్లు చేసి చెప్పుకునేవాళ్ళం కదా. నిజం చెప్పొద్దూ, ఆ ఊరు నాకెప్పుడూ నచ్చలేదు. నవంబరు వచ్చిందంటే ఆకాశం బూడిదరంగుకి తిరిగేది, మళ్ళీ ఏప్రిల్ దాకా మొహం కడుక్కునేది కాదు.

బావకి మాత్రం ఆ నవంబరంటేనే ప్రాణం. వాళ్ళ నాన్నగారు కొల్లేరు పక్కన మిషన్ స్కూల్లో మాస్టారు, సెలవుల్లో పడవ మీద బాతుల వేటకి వెళ్ళేవారట, వెంట తుపాకి పట్టుకుని కూర్చునేది బావేనట. ఇక్కడికొచ్చాక గనుల్లో పనిచేసే పేషెంట్లు ఆయనకి జింకల వేట నేర్పారు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన సోమవారం వేట సీజన్ మొదలయ్యేది. ఆ రోజు ఊళ్ళో స్కూళ్ళకి సెలవు, దుకాణాలు సగం మూత, ఆస్పత్రిలో తొందరలేని ఆపరేషన్లేవీ పెట్టేవాళ్ళు కాదు. బావ, వేటగాళ్ళు ఒకరికొకరు దూరానికి కనబడాలని వేసుకునే ఆరంజి రంగు కోటు తొడుక్కుని ఇంటి వెనక పొరుగాయన అడవిలోకి కొండెక్కేవాడు. జింక పడితే తాడు కట్టి రాళ్ళ మీదా మంచు మీదా కిందికి ఈడ్చుకురావాలి, అసలు కష్టమంతా అక్కడే. మన వైపు వేటమాంసమంటే మేకమాంసమే కదా, అక్క వంటింట్లో మాత్రం అది నిజంగా వేటాడి తెచ్చిందే. అల్లం వెల్లుల్లి దట్టించి ఆవిడ వేయించిన ఆ కూర బల్ల మీదికి వచ్చిందంటే, భోజనం ముందు బావ చేసే ప్రార్థన కూడా చప్పున అయిపోయేది.

ఎనభైల మధ్యలో ఒక వేసవిలో బావకి గుండెపోటు వచ్చింది. పెద్ద ఊరికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. గుండె డాక్టరు బావకి స్నేహితుడే, మొహమాటం లేకుండా చెప్పాడు, చలిలో కొండలెక్కడం మానెయ్, జింకని ఈడ్చడం సంగతి ఇక మర్చిపో అని. ఆ ఏడు సీజన్ మొదలైన రోజు నేనక్కడే ఉన్నాను. బావ ఆరంజి కోటు తొడుక్కుని వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. రోడ్డు మీద జింకల్ని వేసుకుని ట్రక్కులు పోతుంటే, ఏది ఎవరి ట్రక్కో, ఏ కొండ మీద కొట్టి ఉంటారో మాకు చెబుతూ కూర్చున్నాడు, మధ్యాహ్నానికి ఆ చెప్పడం కూడా మానేశాడు. ఇక ఆ చలికాలమంతా ఆ కుర్చీలోనే గడిచింది. ఆస్పత్రిలో మళ్ళీ పనికి వెళ్ళొచ్చని చెప్పినా వెళ్ళలేదు, నెలకోసారి తెలుగు చర్చికి పోయే ప్రయాణం కూడా మానుకున్నాడు. చావు తప్పించుకుని వచ్చిన మనిషి ఇలా ఎందుకైపోయాడో నాకు అర్థమయ్యేది కాదు, అక్కకి మాత్రం అర్థమైంది.

మరుసటి వేసవిలో, అడవి దారుల్లో తిరిగే బండి కొనుక్కోమని సలహా ఇచ్చింది పొరుగాయన. ఆయన గనిలో పనిచేసి రిటైరైనవాడు, బావ పేషెంటు. కొండ మీదికి బండి మీద వెళ్ళొచ్చు, జింకని బండే మోసుకొస్తుంది, గుండెకి కష్టం లేదు. అక్క ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. “మీరు ఒక్కరూ వెళ్ళడానికి వీల్లేదు. వెనకాల వీడు కూర్చుంటేనే కొందాం” అంది నన్ను చూపించి. అక్కడినుంచి శనివారాలన్నీ బండి ఎంచడంతోనే సరిపోయాయి.

అప్పటికింకా ఎక్కడ చూసినా మూడు చక్రాల బళ్ళే. ఉబ్బిపోయిన టైర్లు, మోటర్‌సైకిల్‌లాంటి హ్యాండిలు, చూస్తే పిల్లల ఆటబొమ్మలా ఉండేవి. ఒక షాపు వెనక గడ్డిలో నేను నడిపి చూశాను. మలుపులో అది ఒరిగింది, స్కూటర్ అలవాటు కొద్దీ నేను కాలు కింద పెట్టాను, వెనక చక్రం తాపీగా నా పాదం మీదుగా ఎక్కిపోయింది. “ఏరా బామ్మర్దీ, గుంటూరు రోడ్డనుకున్నావా?” అన్నాడు బావ. నా పాదం వాచినా ఆయన నవ్వినందుకు సంతోషించాను. ఆ తర్వాత కొన్నేళ్ళకే ప్రమాదాలెక్కువై ఆ మూడు చక్రాల బళ్ళ అమ్మకమే ఆపేశారు, అప్పటికి నా పాదం మాత్రమే ఆ సంగతి కనిపెట్టింది.

నాలుగు చక్రాలవి అప్పుడప్పుడే వస్తున్నాయి. అందులో కుర్రాళ్ళు దూకించుకునేవి కొన్ని, పనికోసం చేసినవి కొన్ని. బావ పేషెంటుని పరీక్ష చేసినట్టు ఒక్కొక్క బండి చుట్టూ తిరిగేవాడు. తాడు లాగి స్టార్ట్ చేసేది ఆయన గుండెకి పనికిరాదు, సెల్ఫ్ ఉండాలి. ఇరుకు దారిలో వెనక్కి తిప్పుకోవడానికి రివర్స్ గేరు ఉండాలి. మనిషి నడకతో సమానంగా పోయేంత చిన్న గేరు ఉండాలి. బురద పట్టి తెగే చైను కాకుండా లోపల షాఫ్ట్ తిరగాలి. చప్పుడు తక్కువుండాలి, వెనక క్యారియర్ గట్టిగా ఉండాలి. నా ఇంజనీరు బుర్రకి పెద్ద ఇంజను కావాలనిపించేది, ఆయన మాత్రం పోటీకి వెళ్తున్నామా అని కొట్టిపారేసేవాడు. చివరికి ఆకుపచ్చ రంగుది ఒకటి దొరికింది, అన్నీ కుదిరాయి, పైగా సీటు పొడుగ్గా ఉంది.

ఆ సీటు చూసి మేం ముగ్గురం ఒకేలా అనుకున్నాం, స్కూటర్ల మీద పెరిగినవాళ్ళం మరి, అంత పొడుగు సీటంటే వెనక ఇంకో మనిషికనే మాకు తోచింది. బావ ఎక్కి కూర్చున్నాడు. నేను ఎక్కబోతుంటే అక్క నన్ను పక్కకి తోసి, చీర మీద వేసుకున్న ఓవర్‌కోటు సర్దుకుని, పెళ్ళైన కొత్తలో కూర్చున్నట్టే కాళ్ళు ఒకవైపు వేసి, బావ భుజం మీద చెయ్యేసి కూర్చుంది. షాపులో ఉన్నవాళ్ళు వింతగా చూశారు. వాళ్ళిద్దరూ ఆ చూపులేవీ పట్టించుకోకుండా నవ్వుతూ కూర్చున్నారు, ఆపరేషన్ తర్వాత నేను అలా చూడడం అదే మొదలు. అప్పుడు బావ పెట్రోలు ట్యాంకు మీద అంటించిన కాగితం చదివాడు. మనసులో చదువుకుని ఊరుకోవచ్చు, ఆయన పైకే చదివాడు. బండి నడిపేవాడికి తప్ప రెండో మనిషికి చోటు లేదు. అమ్మే కుర్రాణ్ణి అడిగితే, సీటు పొడుగు ఎందుకంటే ఎత్తెక్కేటప్పుడు ముందుకీ దిగేటప్పుడు వెనక్కీ జరగడానికని, వెనక బరువుంటే ఎత్తులో ముందు చక్రాలు లేచి బండి మీద పడుతుందని చెప్పాడు. అక్క బావ భుజం మీది చెయ్యి తీసి దిగిపోయింది.

బావ వాదించలేదు, బతిమాలలేదు, ఇంటికి రాగానే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు, అంతే. ఆకులు రాలడం మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం అక్క నన్ను గరాజులోకి పిలిచింది. “వెళ్ళి ఆ బండి తెచ్చెయ్‌రా” అంది. నేను షరతు గుర్తుచేశాను. “ఒంటరిగా పంపిస్తే ఏమవుతుందో అని నాకు భయంరా. కానీ ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి రోజూ కాస్త కాస్త చంపలేను” అంది. ఆ మాట అనడానికి ఆవిడ ఎన్నాళ్ళు లోపల కొట్టుకుందో నేను ఊహించగలను.

ఆ తర్వాత సీజన్లు ఇలా నడిచాయి. బావ చిన్న గేరులో ముందు పోయేవాడు, నేను వెనక నడిచేవాణ్ణి. తూటాలు తీసేసిన తుపాకి క్యారియర్ మీద కట్టి ఉండేది. ప్రతి మలుపులోనూ బండి ఆపుకుని నా అడుగుల చప్పుడు వినబడేదాకా ఉండి, చెయ్యెత్తి మళ్ళీ కదిలేవాడు. రొప్పుతూ నేనెక్కుతుంటే, మనలో గుండె జబ్బు ఎవరికిరా అని వేళాకోళం చేసేవాడు. మొదటి ఏడు ఒక జింక, రెండో ఏడు ఏమీ లేదు. ఏమీ దొరకని రోజున కూడా ఆయన వెలిగిపోతున్న మొహంతో ఇంటికొచ్చేవాడు. ఆస్పత్రికి వెళ్ళడం కూడా మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడో ఏడు, సీజన్ మొదటి పొద్దున, మబ్బు కిందికి దిగి మంచు పడేలా ఉంది. పై మలుపు దగ్గర ఇంజను చప్పుడు ఆగింది. అక్కడే దిగి కూర్చుంటాడని తెలుసు కాబట్టి నేను తొందరపడలేదు. నేను వెళ్ళేసరికి బండి దారికి ఓరగా ఉంది, తాళం తిప్పేసి ఉంది, బ్రేకు వేసి ఉంది. బావ ఓక్ చెట్టుకి ఆనుకుని, చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జింక అలికిడి వింటున్నాడేమో అనుకుని నేను కూడా కాసేపు కదలకుండా నిలబడ్డాను. అప్పటికే అంతా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కిందికి వెళ్ళి అక్కకి ఎలా చెప్పాలో తెలియక పొరుగాయన్ని పిలుస్తూ గట్టిగా కేకేశాను.

అదే కొండ మీద వేటకొచ్చిన ఆయన నా కేక విని వచ్చాడు. ఆయన వంగి చూసి టోపీ తీసేశాడు. అంబులెన్సు అంత పైకి రాదు, మంచు మొదలైంది. క్యారియర్ మీద పడుకోబెడదామన్నాడు. జింకని కట్టిన ఆ ఇనప క్యారియర్ మీద బావని పెట్టడానికి నాకు మనసొప్పలేదు. నేను ముందు కూర్చున్నాను. పొరుగాయన బావని నా వెనక కూర్చోబెట్టి, మా ఇద్దరినీ కలిపి మఫ్లరుతోనూ తాడుతోనూ కట్టి, వీపుకి చెయ్యి ఆనించి పక్కన నడిచాడు. బావ తల నా భుజం మీద ఉంది. రెండో మనిషికి చోటు లేని ఆ బండి ఆ రోజు మా ఇద్దర్నీ కుదుపు లేకుండా కిందికి దించింది.

అక్క కిటికీలోంచి చూసింది. దూరానికి ఆవిడకి కనబడింది బండి మీద ఇద్దరున్నారని మాత్రమే. కోటు కూడా వేసుకోకుండా గుమ్మం దాటి వచ్చి, చెయ్యి ఊపుతూ అరిచింది. “ఒరేయ్, ఇద్దరు ఎక్కొద్దని చెప్పారు కదరా! ఆయనకి లేకపోతే నీకైనా బుద్ధుండక్కర్లేదా?” అలా తిడుతూనే మాకు ఎదురొచ్చింది. పొరుగాయన చేతిలో టోపీ చూశాక ఆగింది.

ఆ బండిని అక్క పొరుగాయనకి ఇచ్చేసింది, ఇప్పుడు ఆయనా లేడు. ఇల్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చేసింది. ఆ అడవిలో సగం కొట్టేసి ఇళ్ళు కట్టారని ఎవరో చెప్పారు, సీజన్ రోజున స్కూళ్ళకి సెలవు ఇంకా ఇస్తారో లేదో నాకు తెలియదు. బండిలో తోడు మనిషికి చోటుండాలని మేం ఆ రోజుల్లో షాపు షాపునా వెతికాం, ఇప్పుడు అడక్కుండానే బెల్టుతో సహా పెట్టి అమ్ముతున్నారు. మొన్న ఆదివారం అన్నం ముందు అక్క అన్న మాట కూడా దాని గురించే. “అప్పట్లో అలాంటిది ఉంటే ఆ రెండో సీట్లో నేనే కూర్చునేదాన్నిరా. నిన్ను ఎక్కనిచ్చేదాన్ని కాదు” అంది. నేను పెరుగు గిన్నె ఆవిడవైపు జరిపాను. బావని ఆ అడవి దారిలో దించుకొచ్చిన రోజు నుంచి ఈ భుజానికి చలికాలం వస్తే బరువు తెలుస్తూ ఉంటుంది, ఆ సంగతి మాత్రం అక్కకి నేనెప్పుడూ చెప్పలేదు.