ఎర్రరాళ్ల కుండ

మా ఆయన క్వారీలో రాళ్లు కొట్టేవారు. మా బోరునీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందని, ఎర్రరాయి దాన్ని పట్టేస్తుందని తెలిసి, చిల్లికుండలో ఆ రాళ్ల ముక్కలు నింపి నీళ్లు వడగట్టేవారు. ఆ ఎర్రమురికి చూడలేక, ఆయనకు తెలియకుండా నేను పై వరుస మాత్రం ఉంచి, కింద తెల్ల గులకరాళ్లు పోశాను. రెండేళ్లు ఆ నీళ్లే తాగాం. అరచేతులు గరుకెక్కి ఆయన మంచం పట్టాక, ఏడుస్తూ చెప్పాను.

“నీ శుభ్రం సంతకెళ్లా!” అని నవ్వారు. “అమ్మాయికి మాత్రం చెప్పకే.”

ఆయన పోయిన ఏడాదికి, మళ్లీ నింపడానికి నేను ఎర్రరాళ్లు పట్టుకుని కూర్చుంటే, కుండ కడుగుతూ అమ్మాయి అడిగింది. “ఇది ఉండి కూడా నాన్నకి అలా ఎందుకైందమ్మా?”

దాచలేకపోయాను.

అది కడిగిన కుండను పక్కన పెట్టింది. తర్వాత నా చేతిలోని ఎర్రరాళ్లు మెల్లగా తీసుకుని, “ఇక కుండ నేనే నింపుతాలే” అంది.